బైపీసీ తర్వాత ఆసుపత్రి దారులు: ఏ చదువు ఎవరికి నప్పుతుంది?

ఏటా జూన్ వచ్చిందంటే నా ఫోనుకు తీరిక ఉండదు. నీట్ మార్కులు, ఎప్‌సెట్ ర్యాంకులు చేతికి రాగానే చుట్టాలు, వీధిలోవాళ్లు, ఎప్పుడో మా వార్డులో ఉండి వెళ్లినవాళ్లు కూడా ఫోన్ చేస్తారు. అందరిదీ దాదాపు ఒకటే మాట. "మా పిల్లకి ఎంబీబీఎస్ వచ్చేలా లేదు. ఇంకేం చేర్పించమంటావు?"

నేను జీఎన్‌ఎం అనే నర్సింగ్ డిప్లొమా చదివి ఉద్యోగంలో చేరాను. మధ్యలో రెండేళ్లు పోస్ట్ బేసిక్ బీఎస్సీ నర్సింగ్ చేశాను. ప్రభుత్వాసుపత్రి వార్డుల్లో పందొమ్మిదేళ్లుగా డ్యూటీ చేస్తున్నాను. ఇన్నేళ్లలో డాక్టర్లు, ల్యాబ్ వాళ్లు, ఎక్స్‌రే గదివాళ్లు, ఫార్మసిస్టులు అందరితో కలిసి పనిచేశాను కాబట్టి ఎవరి రోజు ఎలా గడుస్తుందో దగ్గర్నుంచి చూశాను. ఆ ధైర్యంతోనే ఇది రాస్తున్నాను.

మన ఇళ్లలో ఒక మెట్ల వరుస పాతుకుపోయింది. పైన ఎంబీబీఎస్, రాకపోతే పంటి వైద్యం బీడీఎస్, అదీ రాకపోతే ఆయుర్వేదమో హోమియోనో, ఆ తర్వాత ఫార్మసీ, ఏదీ కుదరకపోతే నర్సింగో డీఎంఎల్‌టీ అనే ల్యాబ్ డిప్లొమానో. ఆ వరుస ర్యాంకులను బట్టి వచ్చింది. రోజూ చేసే పనితో దానికి సంబంధం లేదు. మనుషులతో మాట్లాడటమంటేనే ఇబ్బందిపడే పిల్లను ర్యాంకు వచ్చింది కదా అని డెంటల్‌లో చేర్పించి, రోజంతా పేషెంట్ ముఖానికి ముఖం పెట్టి కూర్చోమంటే ఎలా? అందుకే నేను రెండు లెక్కలు వేసుకోమంటాను. ఒకటి పని లెక్క, రెండోది ఏళ్ల లెక్క. ర్యాంకు ఆ తర్వాతే చూద్దాం.

ముందు పనిని కళ్లారా చూడండి

మా అన్నయ్య కూతురు రెండేళ్ల కిందట ఇంటర్ అయ్యాక మా ఇంటికొచ్చింది. "అత్తా, నాకు నర్సింగ్ వద్దు, రక్తం చూస్తే కళ్లు తిరుగుతాయేమో" అంది. "ఎప్పుడైనా చూశావా?" అంటే చూడలేదంది. సూపర్‌వైజర్ గారి అనుమతి తీసుకుని ఒక పొద్దున దాన్ని డయాలసిస్ గదికి తీసుకెళ్లాను.

తెల్లవారుజామున ఐదున్నరకే టెక్నీషియన్ వచ్చి మిషన్లు సిద్ధం చేసుకుంటున్నాడు. గొట్టాల్లో సెలైన్ నింపి, గాలి బుడగ ఒక్కటి కూడా లేకుండా వేలితో తడుతూ పోగొడుతున్నాడు. ఆరింటికి మొదటి పేషెంట్ వచ్చాడు. వారానికి మూడుసార్లు, ప్రతిసారీ నాలుగేసి గంటలు ఆ కుర్చీలో గడిపే మనిషి. టెక్నీషియన్ ఆయన ముంజేతి మీద, డయాలసిస్ కోసం ధమనిని, సిరను కలిపిన ఫిస్టులా దగ్గర రెండు వేళ్లు ఆనించి, మా పిల్ల వేళ్లు కూడా అక్కడ పెట్టించాడు. చర్మం కింద రక్తం జుమ్మని కొట్టుకోవడం వేళ్లకు తెలుస్తుంది. ఆ జుమ్ ఉంటేనే సూది వేయాలి, లేకపోతే డాక్టర్‌ని పిలవాలి. సూది లావు చూసి నేనే ముఖం తిప్పుకున్నాను గానీ మా పిల్ల తిప్పుకోలేదు. మధ్యాహ్నం బయటికొచ్చాక "అత్తా, ఆ మిషన్ అలారం మోగితే ఆయన ఏం నొక్కాడు?" అని అడిగింది. దానికి మనుషులకన్నా యంత్రాల మీద ధ్యాస ఎక్కువని నాకు ఆ పూటే అర్థమైంది.

మీకూ ఇదే చెప్తాను. కౌన్సెలింగ్‌లో ఆప్షన్లు పెట్టేముందు పిల్లను రెండు మూడు చోట్లకు తీసుకెళ్లండి. తెలిసిన ల్యాబ్, మెడికల్ షాపు, ఫిజియోథెరపీ క్లినిక్, కంటి ఆసుపత్రి ఏదైనా సరే. అడిగితే ఒక పూట కూర్చోనిచ్చేవాళ్లు ప్రతి ఊళ్లో దొరుకుతారు. ఆ ఒక్క పూటలో తెలిసేది పది యూట్యూబ్ వీడియోల్లో తెలియదు.

ఏళ్ల లెక్క

ఇంట్లో రెండేళ్లలో ఒక జీతం రావాల్సిన పరిస్థితి ఉంటే ఆ మాట పిల్లల దగ్గర దాచొద్దు. డీఎంఎల్‌టీ, ఇమేజింగ్, డయాలసిస్, అనస్థీషియా వంటి పారామెడికల్ డిప్లొమాలు రెండేళ్లవి. డీఫార్మసీ రెండేళ్లు, దాని మీద మూడు నెలల్లో 500 గంటల ట్రైనింగ్. జీఎన్‌ఎం మూడేళ్లు. బీఎస్సీ నర్సింగ్, బీఫార్మసీ నాలుగేళ్లు. ల్యాబ్, ఆప్టోమెట్రీ, కార్డియాక్ లాంటి బీఎస్సీ కోర్సులు ఇంటర్న్‌షిప్‌తో కలిపి నాలుగేళ్లు. ఫిజియోథెరపీ ఇప్పటిదాకా నాలుగున్నరేళ్లు ఉండేది, ఇలాంటి చదువుల కోసం 2021 చట్టంతో ఏర్పడిన జాతీయ కమిషన్ తెచ్చిన కొత్త సిలబస్‌లో ఐదేళ్లయింది. బీడీఎస్ ఐదేళ్లు, ఎంబీబీఎస్, ఆయుర్వేదం బీఏఎంఎస్, హోమియో బీహెచ్‌ఎంఎస్, వెటర్నరీ ఐదున్నరేళ్లు. ఫార్మ్‌డీ ఆరేళ్లు.

ఎంబీబీఎస్ ఐదున్నరేళ్లతో అయిపోతుందని ఎవరూ అనుకోవద్దు. నీట్ పీజీ రాసి మూడేళ్లు ఎండీ, ఎంఎస్ చేస్తే తప్ప ఈ రోజుల్లో నిలదొక్కుకోవడం కష్టమని జూనియర్ డాక్టర్లే నాతో చెప్తుంటారు. పీజీ సీటు కోసం ఆగే ఏడాది కూడా కలిపితే దాదాపు పదేళ్లు. ఆ పదేళ్లూ ఇల్లు నడవాలి కదా.

లాంగ్ టర్మ్ తీసుకోవాలా, వద్దా?

లాంగ్ టర్మ్ అంటే ఇంటర్ అయ్యాక నీట్ కోసం మళ్లీ ఏడాది కోచింగ్ తీసుకోవడం. ఎక్కువ మంది పిల్లలు నలిగిపోయేది ఇక్కడే కాబట్టి కాస్త వివరంగా చెప్తాను. 2025లో నీట్‌ను 22 లక్షల మందికి పైగా రాస్తే 12 లక్షల పైచిలుకు మంది అర్హత సాధించారు. దేశం మొత్తం మీద ఎంబీబీఎస్ సీట్లు లక్షా ఇరవై వేల పైచిలుకు. అంటే "క్వాలిఫై అయ్యాడు" అన్న మాటకూ సీటుకూ మధ్య చాలా దూరం ఉంది. ఆ సీట్లలోనూ ప్రైవేటు కాలేజీల మేనేజ్‌మెంట్ కోటా ఫీజు మన దగ్గర ఏడాదికి పది లక్షలు దాటుతుంది. మామూలు ఉద్యోగికో రైతుకో అందేది కౌన్సెలింగ్‌లో ర్యాంకును బట్టి ఇచ్చే కన్వీనర్ కోటా సీటే.

నీట్‌ను ఎన్నిసార్లయినా రాయొచ్చు, గరిష్ఠ వయసు పరిమితి లేదు. ఆ వెసులుబాటే కొందరిని ముంచుతోంది. మూడేసి, నాలుగేసి లాంగ్ టర్మ్‌లు తీసుకుని, హాస్టల్ గదుల్లో టెన్షన్‌తో తిండీ నిద్రా పాడుచేసుకుని మా ఓపీకి వచ్చిన పిల్లలను చూశాను. నా అభిప్రాయం అడిగితే ఒక్క ఏడాది చాలు. అదీ మీ కేటగిరీలో పోయిన ఏడాది చివరి కన్వీనర్ సీటు వచ్చిన మార్కులకు మీరు దగ్గర్లో ఉంటేనే. కాళోజీ, ఎన్టీఆర్ ఆరోగ్య విశ్వవిద్యాలయాలు ఆ కటాఫ్ వివరాలు తమ సైట్లలో పెడతాయి. కోచింగ్ సెంటర్ వాళ్ల మాట కన్నా ముందు అవి చూసుకోండి. వందల మార్కుల దూరంలో ఉంటే, ఆ ఏడాది ఫీజూ హాస్టల్ ఖర్చూ కలిపి ఒక డిగ్రీ సగం చదువుకు సరిపోతుందని గుర్తు పెట్టుకోండి.

తెలంగాణవాళ్లకు ఇంకో జాగ్రత్త. తొమ్మిది నుంచి ఇంటర్ దాకా వరుసగా నాలుగేళ్లు తెలంగాణలో చదివితేనే మెడికల్ సీట్లలో లోకల్ కింద తీసుకునే నిబంధనను 2025లో సుప్రీంకోర్టు సమర్థించింది. ప్రభుత్వోద్యోగుల పిల్లల్లాంటి కొందరికి మినహాయింపులున్నాయి. మంచి కోచింగ్ అని ఇంటర్‌కి విజయవాడ పంపే తల్లిదండ్రులు ఈ సంగతి ముందే చూసుకోవాలి.

విదేశీ ఎంబీబీఎస్ గురించి క్లుప్తంగా. అక్కడికి వెళ్లాలన్నా నీట్ క్వాలిఫై కావాల్సిందే. కోర్సు కనీసం 54 నెలలు, ఇంగ్లిష్ మాధ్యమంలో ఉండాలి. ఆ పైన అదే సంస్థలో ఏడాది ఇంటర్న్‌షిప్ చేయాలి. తిరిగొచ్చాక విదేశాల్లో చదివినవాళ్లకు పెట్టే ఎఫ్‌ఎంజీఈ పరీక్షలో 300కి 150 మార్కులు తెచ్చుకుంటేనే ఇక్కడ రిజిస్ట్రేషన్. ఈ మధ్య జరిగిన విడతలు చూస్తే రాసినవాళ్లలో మూడో వంతు కూడా పాసవడం లేదు. ఏజెంటు చూపించే క్యాంపస్ ఫొటోల్లో ఈ లెక్క ఉండదు. అప్పు చేసి పంపేవాళ్లు దీన్ని ఒకటికి పదిసార్లు ఆలోచించాలి.

నర్సింగ్: నా దారి కాబట్టి ఎక్కువే చెప్తాను

నర్సు పని అంటే సూది వేయడం, మందులివ్వడం అనుకుంటారు. నిజానికి ఎక్కువ భాగం గమనించడమే. రాత్రి రెండింటికి ముప్పై మంది పడుకున్న వార్డులో ఒకరి ఊపిరి మాత్రం తేడాగా ఉందని కనిపెట్టాలి. సాయంత్రం మాట్లాడిన మనిషి ఇప్పుడు పిలిస్తే ఊ అనడం లేదంటే నాడి చూసి, ఆక్సిజన్ చూసి, డాక్టర్‌కి ఫోన్‌లో నాలుగు ముక్కల్లో సరిగ్గా చెప్పగలగాలి. అలా ఒకసారి నేను చూసి చెప్పినందుకు బతికిన పెద్దాయన, ఇప్పటికీ సంక్రాంతికి మా ఇంటికి అరిసెలు పంపిస్తాడు. ఈ పని ఇచ్చే తృప్తి ఇంకెక్కడా దొరకదని నేను మనస్ఫూర్తిగా నమ్ముతాను.

కష్టం కూడా చెప్పాలి. నైట్ డ్యూటీ తప్పదు. మా దగ్గర రాత్రి ఎనిమిది నుంచి పొద్దున ఎనిమిది దాకా. పండగ రోజు వార్డులో ఉంటాం. నడుం నొప్పి, కాళ్ల వాపు వస్తాయి. చిన్న పట్టణాల నర్సింగ్ హోముల్లో మొదటి రెండేళ్లు జీతం చాలా తక్కువ.

జీఎన్‌ఎం, బీఎస్సీ నర్సింగ్ రెండింట్లో ఏది? సీటు, డబ్బు కుదిరితే బీఎస్సీయే. ఒక్క ఏడాది తేడాకు తర్వాత చాలా తలుపులు తెరుచుకుంటాయి. ఎయిమ్స్‌లలో నర్సింగ్ ఆఫీసర్ పోస్టులకు పెట్టే నార్‌సెట్‌ను బీఎస్సీ వాళ్లు చదువు పూర్తయి, రిజిస్ట్రేషన్ రాగానే రాయొచ్చు. జీఎన్‌ఎం వాళ్లకు కనీసం 50 పడకల ఆసుపత్రిలో రెండేళ్ల అనుభవం కావాలి. ఆ ఉద్యోగంలో మొదటి బేసిక్ పే 44,900 రూపాయలు. మంగళగిరి, బీబీనగర్ ఎయిమ్స్‌లూ ఇందులోకే వస్తాయి. పల్లెల్లోని ఆరోగ్య కేంద్రాల్లో మిడ్ లెవల్ హెల్త్ ప్రొవైడర్ పోస్టులకూ బీఎస్సీ నర్సింగే ఎక్కువగా అక్కరకొస్తోంది.

అలాగని జీఎన్‌ఎంను తీసిపారేయొద్దు. దానికి బైపీసీయే అక్కర్లేదు, ఏ గ్రూపుతో ఇంటర్ చేసినా 40 శాతం మార్కులుంటే చేరొచ్చు. ఎంపీసీ, సీఈసీ పిల్లలకు ఆసుపత్రిలోకి ఉన్న మంచి ద్వారం ఇదే. ఆ తర్వాత నాలాగే రెండేళ్ల పోస్ట్ బేసిక్ చేసుకోవచ్చు, ఎమ్మెస్సీ చేసి కాలేజీలో పాఠాలు చెప్పుకోవచ్చు. అబ్బాయిలు ఒకటి గమనించాలి. ప్రభుత్వ నర్సింగ్ కాలేజీల్లో చాలావరకు సీట్లు అమ్మాయిలకే. నోటిఫికేషన్ చదవకుండా ఆశ పెట్టుకోవద్దు. ప్రైవేటులో మాత్రం చేరొచ్చు. ఐసీయూ, ఆపరేషన్ థియేటర్లలో మగ నర్సులు ఇప్పుడు బాగానే కనిపిస్తున్నారు.

విదేశాలకు వెళ్లాలనుకునేవాళ్లకు ఇన్ని దేశాల్లో పనికొచ్చే చదువు ఆసుపత్రి చదువుల్లో ఇంకోటి లేదనే చెప్తాను. గల్ఫ్‌కైతే ప్రోమెట్రిక్ పరీక్ష, బ్రిటన్‌కైతే ఐఈఎల్‌టీఎస్ లేదా ఓఈటీ అనే ఇంగ్లిష్ పరీక్ష, ఆ పైన అక్కడి నర్సింగ్ కౌన్సిల్ పరీక్షలు, అమెరికాకైతే ఎన్‌క్లెక్స్ అనే లైసెన్సు పరీక్ష. జర్మనీకి ఆ దేశపు భాషే ముఖ్యం, బీ2 స్థాయి దాకా నేర్చుకోవాలి. తెలంగాణ ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ నర్సులకు జర్మన్ నేర్పించి పంపే కార్యక్రమం నడుపుతోంది. ప్రైవేటు ఏజెంటుకు లక్షలు కట్టేముందు అక్కడ ఒకసారి అడగండి.

ల్యాబ్, ఎక్స్‌రే, థియేటర్: తెర వెనక పని

కొందరు పిల్లలు మాటకారులు కాదు గానీ చేతిపని శ్రద్ధగా, శుభ్రంగా చేస్తారు. వాళ్లకు ల్యాబ్ బాగుంటుంది. సీబీపీ అనే రక్త పరీక్షకు తీసిన శాంపిల్‌ను మెల్లగా తిప్పి కలపకపోతే గడ్డకడుతుంది, రిపోర్ట్ తప్పొస్తుంది, దాన్ని బట్టి వైద్యమే మారిపోతుంది. బ్లడ్ బ్యాంకులో, ఎక్కించే రక్తం పేషెంట్‌కు సరిపడుతుందో లేదో చూసే క్రాస్ మ్యాచింగ్ చేసేటప్పుడు ఒక్క లేబుల్ తారుమారైనా ప్రాణం మీదికొస్తుంది. పేషెంట్ల దగ్గర పేరు ఉండదు గానీ బాధ్యత అంత పెద్దది.

ఎక్స్‌రే, సీటీ, ఎంఆర్‌ఐ మీద ఇష్టం ఉన్నవాళ్లు ఇమేజింగ్ తీసుకోవచ్చు. రేడియేషన్ భయం చాలామందికి ఉంటుంది. సీసం ఏప్రాన్ వేసుకుని, ఛాతీ మీద టీఎల్‌డీ బ్యాడ్జి పెట్టుకుని పద్ధతిగా చేస్తే ఆ భయం అక్కర్లేదు. ఒంటికి ఎంత రేడియేషన్ తగిలిందో ఆ బ్యాడ్జిని పరీక్షించి లెక్క చెప్తారు. ఏ డయాగ్నస్టిక్ సెంటర్‌లోనైనా చేరేముందు "నా పేరుతో బ్యాడ్జి ఇస్తారా?" అని అడగాలి. ఇవ్వమంటే అక్కడ చేరొద్దు.

అనస్థీషియా, కార్డియాక్, పెర్ఫ్యూజన్ (గుండె ఆపరేషన్‌లో రక్తాన్ని నడిపే యంత్రం పని), డయాలసిస్ కోర్సులు ఊళ్లో అంతగా తెలియవు, కానీ థియేటర్, డయాలసిస్ గది నడవాలంటే వీళ్లు ఉండాల్సిందే. పెద్దాసుపత్రులున్న పట్టణాల్లోనే ఉద్యోగాలుంటాయి కాబట్టి ఊరు దాటడానికి సిద్ధపడాలి. హైదరాబాద్ నిమ్స్, తిరుపతి స్విమ్స్ లాంటి చోట బీఎస్సీ సీటు దొరికితే వదులుకోవద్దు. రోజూ పెద్ద కేసులు చూసే చోట నేర్చుకున్న చేతికి పని వెతుక్కోవాల్సిన అవసరం రాదు.

డిప్లొమా, బీఎస్సీ రెండింట్లో? సొంతూళ్లోనే ఉండాలి, త్వరగా సంపాదించాలి అంటే డిప్లొమా. ఎమ్మెస్సీ, బోధన, పెద్ద ల్యాబుల్లో సూపర్‌వైజర్ స్థాయి కావాలంటే బీఎస్సీ. ప్రభుత్వ పోస్టుల పరంగా ల్యాబ్‌వాళ్లకు అవకాశం మెరుగే. 2024లో తెలంగాణ వైద్య సేవల నియామక బోర్డు 1,284 ల్యాబ్ టెక్నీషియన్ పోస్టులు, 2,050 నర్సింగ్ ఆఫీసర్ పోస్టులు, 633 ఫార్మసిస్ట్ పోస్టులు ప్రకటించింది. అందులో పరీక్షకు 80 మార్కులైతే, ప్రభుత్వాసుపత్రుల్లో కాంట్రాక్టు, అవుట్‌సోర్సింగ్ పద్ధతిలో చేసిన సర్వీసుకు 20 దాకా ఇచ్చారు. జీతం తక్కువని కాంట్రాక్టు ఉద్యోగాన్ని వదిలేసిన మా తోటివాళ్లు ఆ ఇరవై మార్కుల దగ్గర చాలా బాధపడ్డారు.

ఫార్మసీలో మూడు చదువులు

డీఫార్మసీ ముఖ్యంగా మెడికల్ షాపు కోసం, ఆసుపత్రి మందుల కౌంటర్ కోసం. చదివి, ఫార్మసీ కౌన్సిల్‌లో రిజిస్టర్ అయితే సొంత షాపు పెట్టుకోవచ్చు. తర్వాత మనసు మారితే ఈసెట్ ప్రవేశ పరీక్ష రాసి బీఫార్మసీ రెండో ఏడాదిలో చేరే వీలుంది.

బీఫార్మసీ మందుల కంపెనీల దారి. పటాన్‌చెరు, బొల్లారం, జీడిమెట్ల, జినోమ్ వ్యాలీ, విశాఖ దగ్గర పరవాడ, శ్రీకాకుళంలో పైడిభీమవరం. ఇన్ని మందుల ఫ్యాక్టరీలు దగ్గర్లో ఉండటం మన పిల్లలకు పెద్ద సౌకర్యం. ఎంపీసీ వాళ్లు కూడా చేరొచ్చు. క్వాలిటీ కంట్రోల్, ప్రొడక్షన్, రెగ్యులేటరీ, డ్రగ్ ఇన్‌స్పెక్టర్ పోస్టు, బాలానగర్‌లోని కేంద్ర ఫార్మసీ విద్యాసంస్థ నైపర్‌లో పీజీ అన్నీ ఈ దారిలోవే. కానీ ఇందులో చేరేవాళ్లు ఒకటి తెలుసుకోవాలి. పేషెంట్ కనిపించడు. మనుషులకు దగ్గరగా ఉండాలన్న కోరికతో బీఫార్మసీ తీసుకుంటే నిరాశ తప్పదు. కాలేజీలు కూడా అన్నీ ఒకలా ఉండవు. పరికరాలు ముట్టుకోనివ్వని ల్యాబుల్లో నాలుగేళ్లు చదివి, ఇంటర్వ్యూలో మందులను పరీక్షించే హెచ్‌పీఎల్‌సీ మిషన్ గురించి అడిగితే నోరెళ్లబెట్టిన పిల్లలు నాకు తెలుసు.

ఫార్మ్‌డీ మన దేశంలో 2008లో మొదలైంది. ఆరేళ్లు, అందులో చివరి ఏడాది ఆసుపత్రిలో ఇంటర్న్‌షిప్. పేరు ముందు డాక్టర్ అని వస్తుందన్న ఆశతో చేరేవాళ్లు చాలామంది. మందు రాసే అధికారం మాత్రం రాదు. మన ఆసుపత్రుల్లో క్లినికల్ ఫార్మసిస్టుకు ప్రత్యేకంగా పోస్టు ఉన్నవి ఇప్పటికీ కొద్దే. ఫార్మకోవిజిలెన్స్ (మందుల దుష్ప్రభావాలను గమనించే పని), క్లినికల్ రీసెర్చ్ వైపు వెళ్లేవాళ్లే ఎక్కువ. దీనికున్న అసలు బలం అమెరికా దారి. అక్కడ ఫార్మసిస్టుగా లైసెన్సు కోసం విదేశీయులు రాసే ఎఫ్‌పీజీఈఈకి, 2003 తర్వాత పట్టా పొందినవాళ్లకైతే కనీసం ఐదేళ్ల ఫార్మసీ చదువు ఉండాలి. నాలుగేళ్ల బీఫార్మసీ సరిపోదు, ఫార్మ్‌డీ సరిపోతుంది. అటు వెళ్లాలన్న గట్టి ఆలోచన లేకపోతే ఆరేళ్లు పెట్టేముందు బీఫార్మసీ, ఎంఫార్మసీ కలిపినా అవే ఆరేళ్లని పోల్చి చూసుకోండి.

హైదరాబాద్‌లో మెడికల్ కోడింగ్ కంపెనీలు ఫార్మసీ, లైఫ్ సైన్సెస్ పిల్లలను బాగా తీసుకుంటున్నాయి. అమెరికా ఆసుపత్రుల బిల్లులకు కోడ్‌లు ఇచ్చే పని. కుదురుగా కూర్చుని చేసే ఉద్యోగం కావాలంటే మంచిదే.

ఫిజియో, కన్ను, చెవి

పక్షవాతం వచ్చి మంచాన పడ్డ మనిషి మళ్లీ తన కాళ్ల మీద తాను నిలబడేది ఫిజియోథెరపిస్టు చేతుల మీదుగానే. ఓపిక, శరీరబలం రెండూ కావాలి. ఫలితం వారాలకు గానీ కనపడదు. ప్రభుత్వ పోస్టులు తక్కువ, ఆసుపత్రి జీతాలు మొదట్లో అంతంతమాత్రం. కానీ సొంత క్లినిక్ పెట్టుకుని, ఇళ్లకు వెళ్లి వైద్యం చేసి నిలదొక్కుకునే వీలు దీనికి ఉన్నంతగా నర్సింగ్‌కో ల్యాబ్‌కో లేదు. చొరవ ఉన్న పిల్లలకు చెప్తాను, ఉద్యోగం భద్రంగా కావాలనేవాళ్లకు చెప్పను.

ఆప్టోమెట్రీకి మన దగ్గర మంచి చోటుంది. 1987లో మొదలైన హైదరాబాద్ ఎల్‌వీ ప్రసాద్ కంటి ఆసుపత్రికి సొంత ఆప్టోమెట్రీ స్కూల్ ఉంది. నైట్ డ్యూటీలు ఉండవు, అత్యవసరాలు తక్కువ. వినికిడి, మాట సమస్యల మీద పనిచేసే బీఏఎస్‌ఎల్‌పీ చాలామందికి పేరు కూడా తెలియదు. సికింద్రాబాద్ మనోవికాస్‌నగర్‌లో ఉన్న అలీ యావర్ జంగ్ సంస్థ ప్రాంతీయ కేంద్రంలో చెప్తారు. పసిపిల్లలతో కూర్చుని ఒక్క మాట పలికించడానికి నెలలు ఓపిక పట్టగలిగే పిల్లకు ఇంతకన్నా మంచి చదువు లేదు.

బీడీఎస్ చేస్తే క్లినిక్‌కు పెట్టుబడి ఎక్కడిదో ముందే అనుకోవాలి. ఎర్రగడ్డ, విజయవాడ ఆయుర్వేద కాలేజీలు, రామంతాపూర్, గుడివాడ హోమియో కాలేజీలు పాతవి, మంచివి. ఆ వైద్యం మీద నమ్మకం ఉన్నవాళ్లు చేరాలి. ఎంబీబీఎస్ రాలేదని చేరి, తర్వాత ఇంగ్లిష్ మందులు రాస్తూ కూర్చోవడం పేషెంట్‌కూ మంచిది కాదు, వాళ్లకూ కాదు.

చేరేముందు అడగాల్సినవి

మా దగ్గరి చుట్టాలబ్బాయి ఒకడు టెన్త్ క్లాస్‌మేట్ చెప్పాడని పక్క పట్టణంలో "ఏడాది డిప్లొమా" ఒకటి చేరాడు. బోర్డు మీద ప్రభుత్వ గుర్తింపు అని పెద్ద అక్షరాలు. ఏడాది కాస్తా రెండేళ్లయింది. తీరా చూస్తే ఆ కోర్సు పారామెడికల్ బోర్డు జాబితాలోనే లేదు. సర్టిఫికెట్ చూసి ఏ ఆసుపత్రీ తీసుకోలేదు. వాడి తల్లి గాజులు అమ్మి కట్టిన ఫీజు అది. అందుకే బతిమాలి చెప్తున్నాను, బోర్డు మీద రాతలు నమ్మొద్దు. నర్సింగ్‌కైతే నర్సింగ్ కౌన్సిల్, ఫార్మసీకైతే ఫార్మసీ కౌన్సిల్ ఆఫ్ ఇండియా, డిప్లొమాలకైతే మీ రాష్ట్ర పారామెడికల్ బోర్డు, డిగ్రీలకైతే ఆరోగ్య విశ్వవిద్యాలయం. వాటి సైట్లలో ఈ ఏడాది జాబితాలో కాలేజీ పేరు, కోర్సు పేరు రెండూ ఉన్నాయో లేదో మీరే చూడండి. పోయిన ఏడాది ఉంది కదా అని ఊరుకోవద్దు.

తర్వాత కాలేజీకి సొంత ఆసుపత్రి ఉందా, అందులో పేషెంట్లున్నారా చూడండి. సాయంత్రం పూట వెళ్లి వార్డుల్లో ఒక చక్కర్ కొట్టండి. పడకలన్నీ ఖాళీగా, దుప్పట్లు మడత నలగకుండా ఉంటే పిల్ల దేని మీద నేర్చుకుంటుంది? ఫీజు రీయింబర్స్‌మెంట్ మీద ఆధారపడేవాళ్లు కన్వీనర్ కోటాలోనే చేరాలి. ఆ డబ్బు ఆలస్యమైతే సర్టిఫికెట్లు ఆపుతారా, ముందు మమ్మల్ని కట్టమంటారా అని ప్రిన్సిపాల్‌నే అడగండి. ఒరిజినల్ సర్టిఫికెట్లు పెట్టుకుని బాండ్ రాయించుకునే ఆసుపత్రుల సంగతి సీనియర్లను అడిగితే చెప్తారు.

ఏ కోర్సుకు నీట్, దేనికి ఎప్‌సెట్, దేనికి ఇంటర్ మార్కులు అన్న రూలు నర్సింగ్, ఫిజియోథెరపీల్లో ఈ మధ్య తరచూ మారుతోంది. అక్క చేరినప్పటి పద్ధతే చెల్లికీ ఉంటుందనుకోవద్దు. ఈ ఏడాది నోటిఫికేషన్ పూర్తిగా చదవండి. బైపీసీ పిల్లలు రెండు పరీక్షలూ రాసి పెట్టుకోవడం మేలు.

మా అన్నయ్య కూతురు చివరికి బీఎస్సీ అనస్థీషియా టెక్నాలజీలో చేరింది. డయాలసిస్ గది దాకా వెళ్లి, ఆ పక్కనే థియేటర్‌లో వెంటిలేటర్ చూసి అటు మళ్లింది. సీటు వచ్చాక కూడా ఒక గండం దాటాల్సి వచ్చింది. కౌన్సెలింగ్‌కు ఆరో తరగతి నుంచి ఇంటర్ దాకా స్టడీ సర్టిఫికెట్లు కావాలన్నారు. మా పిల్ల ఏడో తరగతి చదివిన ప్రైవేటు స్కూలు ఎప్పుడో మూతపడింది. అన్నయ్య నాలుగు రోజులు తిరిగితే, ఆ స్కూలు రిజిస్టర్లు మండల విద్యాధికారి ఆఫీసులో ఉన్నాయని తెలిసింది. గడువుకు ఒక్క రోజు ముందు చేతికొచ్చింది. మీ పిల్లలు చదివిన స్కూళ్లలో ఏదైనా మూతపడి ఉంటే ఫలితాల దాకా ఆగకుండా ఇప్పుడే వెళ్లి తెచ్చుకోండి. కుల, ఆదాయ ధ్రువపత్రాలకు మీసేవలో ఈ వారమే అప్లై చేయండి. జూన్‌లో అక్కడ లైను వీధి చివరి దాకా ఉంటుంది.